తిరుగుదారి లేని సంచి

ముంబై గ్రాంట్ రోడ్ పక్కన, కామాఠీపుర తెలుగు చాలీల్లో, అంటే వరుస గదుల పాత భవనాల్లో, ప్లాస్టిక్ తగ్గించుకుని బతకడం సాధ్యమేనా? సాధ్యమే. అయితే ‘ఇది దేనితో చేశారు’ అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగాలి: వాడాక ఇది ఎక్కడికి పోతుంది?

గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో పడమటి వైపు దిగితే భాజీ గల్లీ. సాయంత్రం పని దిగి వచ్చేవాళ్ళతో ఆ సందు కిక్కిరిసి ఉంటుంది. అరకిలో టమాటాలు, పావుకిలో వంకాయలు, ఒక కొత్తిమీర కట్ట, గుప్పెడు పచ్చిమిర్చి కొంటే చేతికి నాలుగు కవర్లు వస్తాయి. ఆ నాలుగూ కలిపి పట్టుకోవడానికి ఐదోది. తెలుగు నేల మీద మనం కవరు అనేదాన్నే ఇక్కడి చాలీల్లో థైలీ అంటారు. చేతికి తగిలీ తగలనంత పల్చన. వెలుతురుకు పెడితే అవతలి వేళ్ళు కనపడతాయి. గల్లీ నుంచి కామాఠీపురలోని ఖోలీకి, అంటే ఒంటిగది ఇంటికి, నడిస్తే పావుగంట. ఇంటికి చేరగానే టమాటాలు బుట్టలోకి, కొత్తిమీర నీళ్ళ గ్లాసులోకి, కవర్లు కచరా డబ్బాలోకి పోతాయి. పావుగంట పని కోసం పుట్టిన ఆ కవరు ఆ తర్వాత మట్టిలోనో మోరీలోనో సముద్రంలోనో ఎన్నేళ్ళు పడి ఉంటుందో అనుభవం మీద చెప్పగలిగినవాళ్ళు లేరు. ఎందుకంటే పాలిథీన్ పుట్టిందే 1933లో, ఇంగ్లండ్‌లోని ఒక రసాయన ప్రయోగశాలలో. దానికింకా వందేళ్ళు నిండలేదు.

ప్లాస్టిక్ మానేయాలనే మాట వచ్చినప్పుడల్లా రెండు జవాబులు వినపడతాయి. ఒకటి, ప్రజల్లో క్రమశిక్షణ రావాలి అన్నది. రెండోది, ప్రభుత్వం గట్టిగా నిషేధించాలి అన్నది. రెండింటిలోనూ నిజం ఉంది, కానీ రెండూ అసలు చోటును తాకడం లేదు. పాతికేళ్ళుగా మన చట్టం కవరు మందాన్ని కొలుస్తూ వచ్చింది. మన మనస్సాక్షేమో కవరు స్థానంలో కాగితం పెట్టాలా, గుడ్డ పెట్టాలా అని తర్జనభర్జన పడుతూ వచ్చింది. వస్తువు వెనక్కి వెళ్ళే దారి గురించి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సీసా అయినా సంచి అయినా గిన్నె అయినా, వాడిన చోటి నుంచి బయల్దేరిన చోటికి తిరిగి వెళ్ళగలిగితే అది చెత్త కాదు. వెళ్ళలేకపోతే, అది దేనితో చేసినదైనా చెత్తే. ప్లాస్టిక్‌తో మన పోరాటం నిజానికి ఈ తిరుగుదారి కోసం జరగాల్సిన పోరాటం. ఆ దారి ఎలా ఉంటుందో చెప్పే ఆనవాళ్ళు గ్రాంట్ రోడ్ చుట్టుపక్కలే ఇంకా కనిపిస్తున్నాయి.

మట్టి పోసి నిలబెట్టిన నేల

ఈ విషయం మాట్లాడటానికి కామాఠీపుర కంటే తగిన చోటు తెలుగువాళ్ళకు ఇంకొకటి లేదు. ముంబై ఒకప్పుడు ఏడు దీవులు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వర్లీ దగ్గరి గండి గుండా లోపలికి వచ్చి మధ్యనున్న పల్లపు నేలను ముంచేది. ఆ గండిని పూడ్చిన హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట 1784లో పూర్తయ్యాక ఆ పల్లం నెమ్మదిగా ఆరుతూ, మట్టి పోసుకుంటూ ఊరిగా మారింది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల కూలీలు, తాపీ పనివాళ్ళు ఇక్కడికి వలస వచ్చారు. రోడ్లు వేశారు, కట్టడాలు లేపారు. కామాఠీలని పేరుపడ్డ వాళ్ళ పేరే ఈ పేటకు వచ్చింది. తర్వాత 1835 నుంచి 1838 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న రాబర్ట్ గ్రాంట్ పేరిట పక్కనే రోడ్డు వచ్చింది. దాని నేటి పేరు మౌలానా షౌకత్ అలీ రోడ్. ఆ తర్వాతి తరాల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు మిల్లుల కోసం వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాలీల్లో నిలదొక్కుకున్నారు. ఒక తరం తెలుగువాళ్ళు ఈ నగరానికి నేల పోస్తే, ఇంకో తరం గుడ్డ నేసింది.

పల్లపు నేలకు మోరీయే ప్రాణం. వాన నీరు వచ్చినంత వేగంగా సముద్రానికి పోవాలి; పోలేకపోతే ఆ నేల మళ్ళీ పాత పల్లమే అవుతుంది. ముంబై పాత వాననీటి కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అదీ సముద్రం ఆటుమీద ఉన్న వేళకు సరిపోయేలా కట్టినవి. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. అదే రోజు కొలాబాలో కురిసింది 73 మిల్లీమీటర్లే కాబట్టి దక్షిణ ముంబై చాలావరకు బయటపడింది, ఉపనగరాలు మునిగాయి. ఆ వరదకు ప్లాస్టిక్ ఒక్కటే కారణమనడం సరికాదు. మీఠీ నది ఇరుకైపోవడం, పోటు వేళ కావడం, కాలువలు పాతబడటం అన్నీ కలిశాయి. కానీ ఆ కాలువల నోళ్ళకు కవర్లు అడ్డం పడ్డ సంగతి నగరమంతా కళ్ళారా చూసింది. పల్చటి ప్లాస్టిక్ సంచుల మీద మహారాష్ట్ర ప్రభుత్వం కన్నెర్ర చేసింది ఆ వరద తర్వాతే. తాతలు తట్టలతో మట్టి మోసి నిలబెట్టిన నేల కింద, మనవల చేతుల్లోంచి జారిన కవర్లు నీటి దారిని మూసేస్తున్నాయి. ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి అనడం లేదు. ఈ నేల మీద మనకు ఎంత హక్కు ఉందో, దాని మోరీల మీద అంత బాధ్యత కూడా ఉందని గుర్తుచేయడానికే అంటున్నాను.

నీలం డ్రమ్ము, షాంపూ పొట్లం

ప్లాస్టిక్ అంతా ఒకటే అనుకుంటే మన ఆలోచన మొదట్లోనే దారి తప్పుతుంది. చాలీలో ఒక ఖోలీని దగ్గరగా చూడండి. గుమ్మం పక్కనో, గదిలోనే స్నానం చేసే మోరీ మూలనో నీలం రంగు డ్రమ్ము ఉంటుంది. నల్లా వచ్చే కాసేపట్లో పట్టిన నీళ్ళు రోజంతా అందులోనే ఉంటాయి. మూత అంచు అరిగిపోయి, అడుగున సున్నం పేరుకుని, ఏళ్ళ తరబడి ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉన్న డ్రమ్ము అది. అదీ ప్లాస్టిక్కే. వానాకాలంలో పైకప్పు మీద పరిచే టార్పాలిన్ ప్లాస్టిక్. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సంచి ప్లాస్టిక్. వీటితో గొడవ లేదు. గొడవంతా అదే మోరీ గోడకు మేకు కొట్టి తగిలించిన షాంపూ సాచెట్ల దండతో. ఒక్కొక్కటీ చింపి ఒక్క తలస్నానంతో పారేసేది. డ్రమ్ము పగిలితే పాత సామాను కొనే భంగార్‌వాలా తూచి డబ్బిచ్చి తీసుకుపోతాడు. సాచెట్‌ను మాత్రం ఉచితంగా ఇచ్చినా ముట్టుకోడు. పల్చటి పొరలు రెండు మూడు, ఒక్కోసారి మధ్యలో అల్యూమినియం పొర, ఒకదానికొకటి అతికి ఉంటాయి. వాటిని విడదీసి కరిగించడం గిట్టుబాటు కాదు. కూరగాయల కవరుదీ అదే గతి. వందల కవర్లు ఏరి, కడిగి, ఆరబెడితే గానీ కిలో తూగదు. అందుకే చెత్త ఏరేవాళ్ళు నీళ్ళ సీసా తీసుకుని కవరును వదిలేస్తారు. ఏ వస్తువుకు తిరుగుదారి ఉందో తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. భంగార్‌వాలా తీసుకుంటాడా లేదా అన్నదే పరీక్ష.

ప్రపంచం లెక్క కూడా ఇదే చెబుతోంది. 2017లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 1950 నుంచి 2015 దాకా మనుషులు తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తగా మారింది. ఆ చెత్తలో మళ్ళీ వాడుకకు కరిగించింది 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం గుట్టల్లోనూ నేలమీదా నీళ్ళలోనూ పేరుకుంది. ఇంకోలా చెప్పాలంటే, తయారైన చెత్త ప్లాస్టిక్‌లో ప్రతి పది ముక్కల్లో తిరుగుదారి దొరికింది ఒక్కదానికైనా లేదు. రీసైక్లింగ్ గుర్తు మూడు బాణాలతో డబ్బా మీద ముద్రించి ఉన్నంత మాత్రాన ఆ డబ్బా తిరిగి వెళ్తుందని నమ్మకూడదు. తీసుకునేవాడు, తీసుకుంటే గిట్టే ధర, తీసుకెళ్ళే దారి, ఈ మూడూ ఉంటేనే ఆ గుర్తుకు అర్థం.

చట్టం కొలిచింది మందం

మన దేశంలో క్యారీ బ్యాగుల మీద మొదటి నిబంధనలు 1999లో వచ్చాయి. 20 మైక్రాన్ల కంటే పల్చటి సంచి కూడదన్నారు. 2011లో దాన్ని 40 మైక్రాన్లు చేశారు. 2016లో 50. 2021 సెప్టెంబరు 30 నుంచి 75. 2022 డిసెంబరు 31 నుంచి 120. ఇరవై మూడేళ్ళలో నిబంధన ఆరింతలు మందమెక్కింది. దీని వెనకున్న ఆలోచన మంచిదే. మందపాటి సంచి ఖరీదు ఎక్కువ కాబట్టి ఊరికే ఇవ్వరు, మన్నిక ఎక్కువ కాబట్టి మళ్ళీ వాడతారు, ఏరుకునేవాడికి కొంత ధర పలుకుతుంది. కానీ భాజీ గల్లీలో తోపుడు బండి దగ్గర 75 మైక్రాన్లకూ 120 మైక్రాన్లకూ తేడా ఎవరు చూడగలరు? కంటితో తేల్చలేని గీత మీద చట్టాన్ని నిలబెడితే, అది అధికారి వచ్చిన రోజు ఒకలా, రాని రోజు ఇంకోలా అమలవుతుంది. దొరికేది ఎప్పుడూ చివరి మనిషే: కూరగాయల మనిషి, ఇడ్లీ బండివాడు. కవరు తయారుచేసిన కార్ఖానా గల్లీలో కనపడదు.

మహారాష్ట్ర ఇంకా గట్టిగా ప్రయత్నించింది. 2018 మార్చి 23న ఉత్తర్వు వచ్చింది; మూడు నెలల గడువు తర్వాత జూన్ 23 నుంచి జరిమానాలు మొదలయ్యాయి. మొదటిసారి పట్టుబడితే 5,000 రూపాయలు, రెండోసారి 10,000, మూడోసారి 25,000తో పాటు మూడు నెలల జైలు. మొదటి వారాల్లో నగరం నిజంగానే భయపడింది, చేతుల్లో గుడ్డ సంచులు కనిపించాయి. కొద్ది రోజుల్లోనే కిరాణా సరుకుల పొట్లాలకు మినహాయింపు వచ్చింది. ఆ తర్వాత పల్చటి కవరు మెల్లగా బండ్ల కిందికి, అక్కడి నుంచి బండ్ల మీదికి తిరిగి వచ్చేసింది. ఇది మనకే జరిగింది కాదు. కాలువలు పూడుకుని వరదలు చూసిన బంగ్లాదేశ్ 2002లోనే పాలిథీన్ సంచులను నిషేధించింది; ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. చవకైన ప్రత్యామ్నాయం చేతికి రాకపోయేసరికి అక్కడా సంచులు తిరిగి వచ్చాయి. నిషేధం తలుపు మూస్తుంది. ఇంకో తలుపు తెరిచి ఉంచకపోతే జనం మూసిన తలుపునే తోస్తారు.

అసలు విచారించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. చట్టంలో తిరుగుదారి గురించి మాట వచ్చిన ప్రతిసారీ అది నీరుగారింది. తిరిగి వాడుకోలేని బహుళపొరల ప్యాకింగును రెండేళ్ళలో మాన్పించాలని 2016 కేంద్ర నిబంధనలు చెప్పాయి. సాచెట్లు, చిప్స్ పొట్లాలు అవే. 2018లో ఆ వాక్యాన్ని సవరించి, కాల్చి శక్తి తీయడానికి పనికిరానివీ, మరే ఉపయోగమూ లేనివీ అయితేనే మాన్పించాలన్నారు. ఏదో ఒక ఉపయోగం చూపించలేని వస్తువు ఉండదు కాబట్టి ఆ గడువు ఉత్తిదే అయింది. మహారాష్ట్ర 2018 ఉత్తర్వులోనే పాల ప్యాకెట్టు మీద కనీసం యాభై పైసల తిరుగుకొనుగోలు ధర ముద్రించాలని ఉంది. 2019లో నాటి పర్యావరణ మంత్రి ఆ పథకం గురించి శాసనసభలో మళ్ళీ మాట ఇచ్చారు. ఆ యాభై పైసలు మాత్రం ఖోలీ గుమ్మం దాకా రాలేదు. మందం పెంచడం సులువు, ఎందుకంటే దాని భారం బండివాడి మీద పడుతుంది. తిరుగుదారి వేయడం కష్టం, ఎందుకంటే దాని ఖర్చు తయారీదారు భరించాలి.

వెనక్కి వచ్చే డబ్బా

తిరుగుదారి కల కాదనడానికి రుజువు గ్రాంట్ రోడ్ మీదుగా పోయే లోకల్ రైళ్ళలోనే ఉంది. ఇంటి భోజనాన్ని పనిచోటికి చేర్చే డబ్బావాలాల ఏర్పాటు 19వ శతాబ్దం చివర్లో మొదలైంది. అది కోవిడ్‌కు ముందు దాదాపు ఐదు వేల మందితో రోజుకు రెండు లక్షల దాకా డబ్బాలు మోసేది. ఆ ఏర్పాటులో లోకం మెచ్చుకున్నది భోజనం తప్పకుండా చేరడాన్ని. మనం నేర్చుకోవాల్సింది రెండో సగం: తిన్న డబ్బా అదే మధ్యాహ్నం, మూత మీద రాసిన అంకెల, అక్షరాల ఆధారంతో, ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటికే తిరిగి చేరడం. రెండు లక్షల భోజనాలు, ఒక్క పారేసే గిన్నె లేదు. ఈ రోజు ఫోన్‌లో నొక్కితే అదే నగరంలో అంతే దూరం నుంచి భోజనం వస్తుంది. దాంతో పాటు నాలుగు ప్లాస్టిక్ గిన్నెలు, చట్నీ పొట్లాలు, చెంచా, పైన కవరు వస్తాయి. మోసే మనిషి ఉన్నాడు, బండి ఉంది, ఇంటి చిరునామా ఉంది. లేనిదల్లా ఖాళీ గిన్నె వెనక్కి తీసుకెళ్ళాలన్న నియమం.

ఇదే నగరంలో పాలు ఒకప్పుడు గాజు సీసాల్లో వచ్చేవి. ఆరే కాలనీ పాలకు రేకు మూతలుండేవి. ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా. తమిళనాడులో నీలగిరి జిల్లాలో 2022 మేలో, మద్రాసు హైకోర్టు చొరవతో, మద్యం సీసా మీద పది రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీ సీసా తెస్తే ఆ పది తిరిగివ్వడం మొదలుపెట్టారు. అడవుల్లో ఏనుగుల కాళ్ళ కింద పగులుతున్న సీసాల్లో తొంభై శాతానికి పైగా దుకాణాలకు తిరిగి వచ్చాయి. తాగేవాళ్ళలో హఠాత్తుగా పర్యావరణ స్పృహ పుట్టలేదు. సీసాకు ధర పుట్టింది, అంతే. మన తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆపి, గాజు సీసాల్లో నీళ్ళు అమ్మి, ఖాళీ సీసా తిరిగిస్తే కొంత సొమ్ము వెనక్కిచ్చే పద్ధతి పెట్టారు. లక్షల మంది కొత్తవాళ్ళు వచ్చిపోయే చోట నడుస్తున్న పద్ధతి, ఒకరినొకరు ఎరిగిన చాలీలో నడవదా?

గల్లీ మొగలో చాయ్ టపరీ మీద ఇంకో చిన్న రుజువు ఉంది. కటింగ్ చాయ్ పోసే గీతల గాజు గ్లాసు అరచేతిలో ఇమిడిపోతుంది. తాగి పెట్టేస్తే బకెట్లో కడిగి, రెండు నిమిషాల్లో ఇంకొకరి చేతికి వెళ్తుంది. పక్కనే అదే చాయ్‌ని పార్సిల్ పేరుతో పల్చటి పాలిథీన్ కవరులో మరుగుతుండగా పోసి, మూతి ముడేసి, పైన నాలుగు కాగితం కప్పులు పెట్టి ఇస్తారు. కాగితం కప్పు కాగితమే అనుకుంటాం. దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చిన లెక్క ప్రకారం అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పదిహేను నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తాయి. పార్సిల్ తప్పనిసరైన చోట ఒక చిన్న స్టీలు కెటిల్, నాలుగు గ్లాసుల స్టాండు చాలు. ముంబైలో చాయ్ కుర్రాళ్ళు కార్యాలయాలకు అలాగే మోసుకెళ్ళేవాళ్ళు, ఇప్పటికీ కొందరు మోస్తున్నారు.

అభ్యంతరాలకు జవాబు

మొదటి అభ్యంతరం చదువుకున్నవాళ్ళది. గుడ్డ సంచి తయారీకి కూడా నీరు, పత్తి, కరెంటు కావాలి కదా అంటారు. నిజమే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో వాతావరణం వేడెక్కే భారంలో సరితూగాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. ఈ లెక్క నూలు సంచికి వ్యతిరేకమని కొందరు చూపిస్తారు. నాకు అది ఈ వాదనకే బలంగా కనిపిస్తోంది. గుడ్డలో పుణ్యం లేదు, 131 సార్లు తిరిగి వెళ్ళడంలో ఉంది. రోజూ బజారుకు పోయే ఇంట్లో అది నాలుగైదు నెలల పని. పైగా కొత్త గుడ్డ కొననే అక్కర్లేదు. మిల్లుల్లో, భివండీ మరమగ్గాల మీద, షోలాపూర్‌లో గుడ్డ నేసిన కుటుంబాల వారసులు మనవాళ్ళు. పాత చీర అంచుతో, చిరిగిన ప్యాంటు కాలితో సంచి కుట్టడం రాని ఇల్లు ఈ చాలీల్లో అరుదు. పెళ్ళిళ్ళలో, సభల్లో కొత్త నూలు సంచులు పంచిపెట్టి, అవి అటకల మీద పేరుకుంటే మాత్రం ఆ విమర్శ అక్షరాలా నిజమవుతుంది.

రెండోది బరువైన అభ్యంతరం. పదడుగుల గది, రోజు కూలీ, నెల సరుకు ఒకేసారి కొనే డబ్బూ లేదు, పెట్టే చోటూ లేదు. అలాంటి ఇంటికి సాచెట్ ఒక సౌకర్యం. దాన్ని మానమని చెప్పడం ఉన్నవాడి నీతి కాదా? ఈ ప్రశ్న న్యాయమైనది. 1980ల్లో తమిళనాడు నుంచి సాచెట్ దేశమంతా పాకింది పేదవాడి జేబుకు సరిపోయినందుకే. తప్పు చిన్న కొలతది కాదు. చిన్న కొలత మనకు కొత్తా కాదు. సీసా తీసుకెళ్ళి గిద్దెడు నూనె పోయించుకోవడం, పొట్లంలో చింతపండు, డబ్బాలో కిరసనాయిలు, ఇవన్నీ చిన్న కొలతలే. కొత్తదల్లా ఆ చిన్న కొలత చుట్టూ ఎప్పటికీ చావని పొర చుట్టడం. అదే రెండు రూపాయల షాంపూ, అదే పది రూపాయల నూనె ఇంటి సీసాలోకి పోసే ఏర్పాటు కిరాణా కొట్లో ఉంటే పేదవాడికి నష్టం లేదు. కల్తీ భయమంటారా, మూత ముద్రతో, కొలత కుళాయితో అమ్మే యంత్రాలు కష్టమేమీ కాదు. ఆ యంత్రం ఖర్చు కంపెనీ భరించాలని అడగాలి. మానమని ఇంటిని అడిగే ముందు, పోయమని కంపెనీని అడగడం న్యాయం.

మూడోది నీళ్ళ అభ్యంతరం. పూజకో పుట్టినరోజుకో యాభై మంది వస్తే, నల్లా కాసేపే వచ్చే చాలీలో యాభై స్టీలు కంచాలు కడగడం ఆడవాళ్ళ నడుము మీద పడే భారం. ప్లాస్టిక్ ప్లేటు ఆ భారం తప్పించింది. ఆ మాట ఒప్పుకోకుండా ఉపదేశం చేయకూడదు. దానికి జవాబు మన ఇళ్ళలోనే ఉంది: విస్తరాకు. మోదుగాకుతో కుట్టినదైనా, ఇక్కడ పత్రావళి పేరుతో దొరికేదైనా కడగక్కర్లేదు, తడి చెత్తలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. పైన మెరిసే పొర అతికించిన ప్లేట్లను మాత్రం ఆకు ప్లేట్లని మోసపోకూడదు. గ్లాసుల మాటకొస్తే, చాలీకి ఒక వంద స్టీలు గ్లాసులు ఉమ్మడిగా కొనుక్కుని వాడుకోవచ్చు. గణపతి మండపానికి చందా వేసుకునే గల్లీకి అదొక లెక్క కాదు.

నాలుగోది బతుకుతెరువు. ప్లాస్టిక్ మానేస్తే ఏరుకునేవాళ్ళు, ధారావిలో కరిగించే కూలీలు ఏమవుతారు? వాళ్ళ బతుకు నడిచేది అమ్ముడుపోయే ప్లాస్టిక్ మీద. సీసాలు, డబ్బాలు, డ్రమ్ముల మీద. కవర్లు, సాచెట్లు వాళ్ళకు కూలీ ఇవ్వవు, చేతులకు పుండ్లు ఇస్తాయి. ఇంట్లోనే తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే వాళ్ళ రోజు సంపాదన పెరుగుతుంది. ముంబైలో స్త్రీ ముక్తి సంఘటన ఏళ్ళుగా చెత్త ఏరే స్త్రీలను కూడగట్టి చూపించింది ఇదే: వేరు చేసిన చెత్త చేతికి వస్తే ఆ పని గౌరవమైన ఉపాధి అవుతుంది. సీసాలు వెనక్కి తీసుకునే ఏర్పాటు వస్తే, వాటిని సేకరించే పని మొదట దక్కాల్సిందీ వాళ్ళకే.

చివరిది అందరూ అనేది. నేనొక్కడిని సంచి పట్టుకెళ్తే సముద్రం బాగుపడుతుందా? బాగుపడదు. ప్లాస్టిక్ ఉత్పత్తికి హద్దు పెట్టాలా వద్దా అన్న దగ్గరే దేశాల మధ్య ఒప్పందం చిక్కుకుని, 2025 ఆగస్టులో జెనీవా చర్చలు తేలకుండా ముగిశాయి. ఆ హద్దు ఒక ఇల్లు పెట్టగలిగింది కాదు. కానీ ఒక ఇంటి సంచికీ ఒక గల్లీ సంచికీ తేడా ఉంది. ఒకరు కవరు వద్దంటే బండివాడికి కొంచెం ఆదా. గల్లీలో సగం మంది వద్దంటే అతను కవర్లు కొనడమే మానేస్తాడు, ఎందుకంటే కవరు అతనికీ ఖర్చే. చాలీ జీవితానికి ఎత్తైన టవర్లకు లేని బలం ఇక్కడే ఉంది. ఒకే గ్యాలరీ, ఒకే నల్లా, ఒకే కిరాణా కొట్టు. పద్ధతి మారితే ఒకేసారి మారుతుంది.

చేయగలిగింది

కాబట్టి అన్నీ ఒకేసారి వదిలేయాలన్న దీక్ష అవసరం లేదు. అలాంటి దీక్షలు నెల తిరక్కుండా నీరుగారతాయి. భంగార్‌వాలా తీసుకోనివాటిని ముందు ఇంట్లోకి రానివ్వకండి. కూరలకు సంచి, అందులోనే కొత్తిమీరకు, మిర్చికి పాత చీర ముక్కతో కుట్టిన రెండు చిన్న సంచులు. చేపలకు, మాంసానికి, ఇడ్లీ సాంబారుకు మూత ఉన్న స్టీలు డబ్బా. చాయ్‌కి గ్లాసు. బతుకమ్మకు గునుగు, తంగేడు దొరకనప్పుడు దొరికిన ఏ పచ్చి పువ్వయినా పేర్చండి, ప్లాస్టిక్ పూలు మాత్రం వద్దు. నీళ్ళలో కలవని బతుకమ్మకు సాగనంపు లేదు. ఇవి ఇంటి పనులు. గల్లీ చేయాల్సినవి వేరే ఉన్నాయి: ఉమ్మడి గ్లాసులు, ఆకు ప్లేట్లు, ఇంటి సీసాలో నూనె పోసే కొట్టుకు అందరి బేరం. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే, గట్టిగా: పాల ప్యాకెట్టు మీద రాస్తామన్న యాభై పైసలు నిజం చేయండి, సాచెట్ కంపెనీలకు వదిలేసిన గడువు మళ్ళీ పెట్టండి.

కామాఠీపుర ముందు ఇప్పుడొక పెద్ద అవకాశం ఉంది. ఈ పాత చాలీలను కూల్చి కొత్తగా కట్టే పని రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికి వచ్చింది. ఇంటి విస్తీర్ణం గురించి, అంతస్తుల గురించి చర్చ జరుగుతోంది, జరగాల్సిందే. ఆ నక్షాలో ఇంకో నాలుగు వసతులు అడగండి: ప్రతి భవనంలో పొడి చెత్త వేరు చేసే చోటు, తడి చెత్త కుళ్ళబెట్టే గుంత, ఉమ్మడి పాత్రలు కడిగే నీళ్ళ తొట్టి, ఖాళీ సీసాలు తీసుకునే కిటికీ. భవనం లేచాక ఇవి దొరకవు. నక్షా గీసే రోజే అడగాలి.

రెండు వందల ఏళ్ళ కిందట మన కామాఠీలు ఈ పల్లంలో మట్టి మోసిన తట్ట ఒక్కసారి వాడి పారేసేది కాదు. ఖాళీ అయి వెనక్కి వెళ్ళేది, నిండి మళ్ళీ వచ్చేది. అలా తిరిగిన తట్టలతోనే ఈ నేల లేచింది. తలుపు వెనక మేకుకు ఈ రోజే ఒక సంచి తగిలించండి. రేపు సాయంత్రం భాజీ గల్లీకి వెళ్ళేటప్పుడు అది చేతిలో ఉండాలి, తిరిగి రాగానే మళ్ళీ ఆ మేకుకే చేరాలి.